పంపు మార్చబోయి పైపు దగ్గర ఆగాం: ఒక మురుగునీటి పంపింగ్ స్టేషన్ డైరీ

ఊరి పేరు రాయడం లేదు. కృష్ణా డెల్టాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి, చాలు. పాత మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో పంపులు, ప్యానెల్ మార్చే పని మా కాంట్రాక్టరుకు వచ్చింది. నేను సైటు ఇంజినీరుని. ఇలాంటి స్టేషన్లు చాలా ఊళ్లలో ఉన్నాయి, మాకు వచ్చినటువంటి ఎస్టిమేట్లే వాటికీ వస్తుంటాయి. అందుకని చేసిన తప్పులతో సహా రాసిపెడుతున్నాను.

చేతికి వచ్చేటప్పటికి స్టేషన్ ఇలా ఉంది. నేల మట్టాన్ని 100.00 మీటర్లు అనుకున్నాం.

- సంప్ (మురుగు వచ్చి చేరే బావి): గుండ్రటిది, లోపలి వ్యాసం 6 మీటర్లు, అడుగు మట్టం 92.50
- లోపలికి వచ్చే లైను: 400 మి.మీ. ఆర్‌సీసీ, ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు మట్టం) 94.80
- పక్కన డ్రై వెల్ (పంపులు ఉండే పొడి బావి), అందులో మూడు 20 హెచ్‌పీ పంపులు. ఒకటి కాలిపోయి ఉంది. నేమ్‌ప్లేటు ప్రకారం ఒక్కోటి 18 మీటర్ల హెడ్‌కి (హెడ్ అంటే పీడనాన్ని నీటి ఎత్తుగా చెప్పే లెక్క) సెకనుకు 40 లీటర్లు
- రైజింగ్ మెయిన్ (పంపులు తోసే మురుగుని శుద్ధి కేంద్రానికి చేర్చే పైపు): 300 మి.మీ. సీఐ (పోత ఇనుము) పైపు, 1,150 మీటర్లు, మధ్యలో కాలువ వంతెన దాటుతుంది
- శుద్ధి కేంద్రంలో నీళ్లు పడే మట్టం: 103.00

దశ 1: కొలతలు (జనవరి, ఫిబ్రవరి)

పొద్దున 7 నుంచి 9 దాకా పల్లపు కాలనీలో మ్యాన్‌హోళ్లు పొంగుతున్నాయి. పంపులు చాలడం లేదు కాబట్టి 30 హెచ్‌పీవి పెట్టండి, దానికి ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెంచండి అని ఎస్టిమేట్. మొత్తం 61 లక్షలు.

నాకు లెక్క కుదరలేదు. ఈ స్టేషన్‌కి వచ్చే జనాభా 28,000. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనుకుంటే సగటు సెకనుకు 35 లీటర్లు. ఈ జనాభాకి సీపీహెచ్ఈఈఓ (తాగునీరు, మురుగునీటి పనులకి కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ) మాన్యువల్ చెప్పే పీక్ ఫ్యాక్టర్, అంటే సగటుకి గరిష్ఠం ఎన్ని రెట్లో, 2.5. అంటే 87 లీటర్లు. పాత పంపులు రెండు కలిసి నేమ్‌ప్లేటు ప్రకారం 80 తోయాలి, అలా తోస్తే రోజూ రోడ్డు మీదికి పొంగే అవసరం లేదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) మేడమ్‌ని రెండు వారాలు అడిగాను. "కొలవండి, కానీ సంక్రాంతి తర్వాత కూలీలు దొరికితే పని ఆపొద్దు" అన్నారు. కూలీలు ఎలాగూ నెలాఖరు దాకా దొరకలేదు.

ఫ్లో మీటరు అక్కర్లేదు. సంప్‌నే కొలపాత్ర చేసుకోవచ్చు. వైశాల్యం 28.27 చదరపు మీటర్లు, కాబట్టి 10 సెంటీమీటర్లంటే 2,827 లీటర్లు.

1. పంపులన్నీ ఆపి, నీళ్లు 10 సెం.మీ. పెరగడానికి ఎన్ని సెకన్లో చూడాలి. లోపలికి వచ్చేది తెలుస్తుంది.
2. వెంటనే ఒక పంపు ఆడించి, 10 సెం.మీ. తగ్గడానికి ఎన్ని సెకన్లో చూడాలి.
3. రెండూ కలిపితే పంపు తోసేది వస్తుంది.
4. ప్రవాహం మారని వేళలో, మూడుసార్లు చేయాలి. మేం రాత్రి 11 తర్వాత చేశాం.

మొదటి రాత్రి: పెరగడానికి 157 సెకన్లు, అంటే సెకనుకు 18 లీటర్లు (ఇకపై ప్రవాహం లీటర్లన్నీ సెకనుకే). తగ్గడానికి 471 సెకన్లు, అంటే 6. మొత్తం 24 అని రాసుకుని ఇంటికెళ్లిపోయాను. ఆ అంకె తప్పు.

తప్పని చెప్పింది పంపు ఆపరేటరు. పందొమ్మిదేళ్లుగా ఇక్కడే చేస్తున్నాడు, అందరూ బాబాయ్ అంటారు, నేనూ అంతే. "బాబూ, ఆపిన తర్వాత గేజీ ముల్లు నిలబడదండి, కిందికి దిగిపోద్ది" అన్నాడు. రైజింగ్ మెయిన్ మొదట్లో ఉన్న ఈ పీడనం గేజీ 100.80 మట్టంలో ఉంది. గేజీ మీద ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకి) అంటే 10 మీటర్ల నీళ్లు. రైజింగ్ మెయిన్ నిండుగా ఉంటే, పంపు ఆగినా ముల్లు 0.22 కేజీ దగ్గర నిలవాలి. మెల్లగా సున్నాకి వచ్చేస్తోంది. ఆగి ఉన్న పంపు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) మూసుకోవడం లేదు, పైకి పంపిన నీళ్లు దానిగుండా తిరిగి సంప్‌లోకే వస్తున్నాయి. పంపుల డెలివరీ వైపు స్లూయిస్ వాల్వులు (గేటు దించి మూసేవి) చేత్తో మూసి మళ్లీ కొలిస్తే 10 సెం.మీ. పెరగడానికి 202 సెకన్లు పట్టింది. లోపలికి వచ్చేది 14 లీటర్లే. 4 లీటర్లు మన నీళ్లే చుట్టూ తిరుగుతున్నాయి.

కాబట్టి పంపు 24 తోస్తే, శుద్ధి కేంద్రం దాకా వెళ్లేది 20. రెండు పంపులు ఆడిస్తే 26. అటు 24 గంటలూ గంటగంటకీ కొలిచిన ఇన్‌ఫ్లో: తెల్లవారుజామున 3కి 9, పొద్దున ఏడున్నరకి 58, రోజు సగటు 29. సగటే 29 అయినప్పుడు 26 తోసే స్టేషన్ దగ్గర మిగతాది ఎటు పోతోందో అడగక్కర్లేదు. పక్కన వాననీటి డ్రెయిన్ ఉంది.

ఇక అసలు అంకె. పంపు ఆడుతుండగా గేజీ 0.82. అంటే పైపు మొదట్లో నీటి మట్టం 109.0. చివర 103.0. దారిలో 6 మీటర్ల హెడ్ పోతోంది. సెకనుకు 20 లీటర్లకి, 300 పైపులో, 1,150 మీటర్లలో, హేజెన్-విలియమ్స్ సూత్రంలో సి విలువ (పైపు లోపలి నునుపుకి కొలత, ఎక్కువైతే మంచిది) 100 వేసుకుంటే పోవాల్సింది 0.6 మీటర్లు.

పది రెట్లు. 30 హెచ్‌పీ పెట్టుంటే కరెంటు బిల్లు పెరిగేది, కాలనీ అలాగే పొంగేది.

పంపులు కూడా బాగున్నాయని కాదు. ఆ ప్రవాహం దగ్గర కొత్త పంపయితే 22 మీటర్లు ఇవ్వాలి, ఇది 16 ఇస్తోంది. విప్పి చూస్తే వేర్ రింగు (పంపులో తిరిగే చక్రం చుట్టూ ఉండే రింగు) దగ్గర చిటికెన వేలి గోరు దూరేంత సందు ఉంది. కానీ పంపు ముసలిదైతే పంపు మార్చాలి, పైపుకి జబ్బు ఉంటే పైపు చూడాలి. ఒకదానికి మందు ఇంకోదానికి వేస్తున్నారు.

నడుస్తున్న లెక్క: గ్యాస్ మీటరు 58,000, గేజీలు 9,500, శాడిళ్లు ఫెర్రూళ్లు 6,200. ఖర్చు 0.74 లక్షలు. మా వల్ల మురుగు రోడ్డెక్కిన సార్లు: 0.

దశ 2: 6 మీటర్లు ఎక్కడ పోతున్నాయి (మార్చి)

ఇళ్లకి కుళాయి కనెక్షన్ ఇచ్చేటప్పుడు వేసే శాడిలు, ఫెర్రూలే వాడాం. ప్లంబరు చేతనే నాలుగు చోట్ల సీఐ పైపుకి వేయించి, ఒక్కోచోట గేజీ బిగించి, ఆటో లెవెల్‌తో గేజీ మట్టాలు తీసుకున్నాం. ఒక పంపు ఆడుతుండగా నీటి మట్టాలు ఇవి:

- 0 మీటర్ల దగ్గర: 109.0
- 380 (వంతెనకి ముందు): 108.3
- 460 (వంతెన దాటాక): 106.6
- 620: 106.3
- 660: 103.9
- 1,150 (చివర): 103.0

80 మీటర్ల వంతెనలో 1.7 మీటర్లు. 620కి 660కి మధ్య 40 మీటర్లలో 2.4. మొత్తం 6లో 4.1 ఈ రెండు చోట్లే.

640 దగ్గర ఏముందో మా దగ్గరున్న డ్రాయింగ్‌లో లేదు. రిటైరైన ఫిట్టరు ఒకాయన్ని స్కూటరు మీద తీసుకొస్తే, రోడ్డు మీద నిలబడి, "ఇక్కడో వాల్వు ఉండాలి, ఈ వేపచెట్టుకి ఎదురుగా" అన్నాడు. రోడ్డు వేసినవాళ్లు చాంబరు మూత మీదుగా తారు పోసేశారు, ఒక పొర కాదు, రెండు. తవ్వి తీస్తే స్లూయిస్ వాల్వు. కీ వేసి తిప్పితే స్పిండిలు ఎటు తిప్పినా హాయిగా తిరుగుతోంది. లోపల నట్టు అరిగిపోయి గేటు జారి సగానికి పైగా కిందికి పడి ఉంది. ఎన్నేళ్లుగానో తెలియదు.

మార్చడం రాత్రి 11 నుంచి 5 లోపు అనుకున్నాం. ఆ వేళలో వచ్చేది సగటున 11 లీటర్లు. సంప్, పైనున్న లైను నిండడానికి సుమారు ఆరు గంటలు పడుతుందని లెక్క. పని ఏడున్నర గంటలు పట్టింది. ఫ్లేంజి బోల్టులన్నీ తుప్పుపట్టి కట్టర్‌తో కోయాల్సి వచ్చింది. ఐదున్నరకి కాలనీ పొంగింది. మళ్లీ చేస్తే ముందు రోజు పగలే ఒక్కో బోల్టు విప్పి, కొత్తది వేసి పెట్టుకుంటాను. ఒక్కొక్కటిగా మారిస్తే లైను ఆపక్కర్లేదు.

వాల్వు మారాక: ఒక పంపు తోసేది 20 నుంచి 23కి, రెండు కలిసి 26 నుంచి 32కి. పంపులు పాతవే.

నడుస్తున్న లెక్క: వాల్వు 62,000, రోడ్డు తవ్వి పూడ్చడం 38,000. ఖర్చు 1.74 లక్షలు. రోడ్డెక్కిన సార్లు: 1.

దశ 3: వంతెన (ఏప్రిల్, మే)

"వంతెన కాడ పైపు గుర్రుపెడుతుందండి" అని బాబాయ్ జనవరిలోనే అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అది ఒప్పుకోవాలి. చివర తప్ప లైను అంతటికీ ఎత్తు అక్కడే, 102.10. పంపు మొదలైన ప్రతిసారీ కాస్త గాలి పైపులోకి పోతుంది, ఎత్తు దగ్గర ఆగుతుంది. మురుగు నుంచి వచ్చే గ్యాసులు కూడా అక్కడే చేరతాయి. బయటికి పంపడానికి ఎయిర్ వాల్వు ఉంది. కానీ అది మంచినీళ్ల లైనుకి వేసే రకం. కొవ్వు, వెంట్రుకలు చేరి బంతి అతుక్కుపోయింది, కారుతోందని ఎవరో కింది కాక్ మూసేశారు, ఆ మీద పెయింటు కూడా వేశారు. పైపు పైసగం గాలి ఆక్రమిస్తే నీళ్లు కింది సగంలోంచి పోవాలి. ఆ గుర్రు అదే.

కాలువలు కట్టేసేదాకా ఆగాం. నీళ్లు లేని కాలువలో సపోర్టులు నిలబెట్టడం సులువు. ఇంకో కారణం తర్వాత చెబుతాను. వంతెన మీద 84 మీటర్లు ఫ్లేంజి డీఐ (డక్టైల్ ఐరన్) పైపు వేసి, మురుగు లైనుకని ప్రత్యేకంగా చేసే పొడవాటి బాడీ ఉన్న ఎయిర్ వాల్వు పెట్టాం. దాని కింద కడగడానికి అర అంగుళం ట్యాపు తప్పనిసరిగా పెట్టించుకోండి.

తర్వాత పైపు లోపలి మట్టి. 20 లీటర్లంటే 300 పైపులో వేగం సెకనుకు 0.28 మీటర్లు. మురుగులో ఇసుక పేరుకోకుండా ఉండాలంటే కనీసం 0.6, పేరుకున్నది కదలాలంటే 0.8 దాకా కావాలి. ఏళ్ల తరబడి 0.28తో నడిచిన పైపు కింద ఏముంటుందో ఊహించుకోవచ్చు. ఫోమ్ పిగ్, అంటే పైపులో ఇమిడే పెద్ద స్పాంజి దిమ్మ, వేసి తోశాం.

1. మొదటిది 300 మి.మీ. వేశాం. 900 దగ్గర ఆగింది. గేజీ 2.1కి పోయింది. ఆపేశాం. ముక్కలై మరుసటి రోజు బయటికొచ్చింది.
2. రెండోది 200 మి.మీ., మెత్తటిది. 50 నిమిషాల్లో బయటికొచ్చింది, నల్లటి నీళ్లతో.
3. మూడోది 250. గంటా పది నిమిషాలు పట్టింది. దాని ముందు ఇసుక, గోళీ సోడా గోళీలు రెండు, ఒక స్టీలు గరిటె.

అంటే ముందు చిన్నది వేసి, తర్వాత పెద్దది. ఎవరో ఒకరు ముందే చెప్పుంటే ఒక పిగ్ మిగిలేది. శుద్ధి కేంద్రం దగ్గర నాలుగు ట్రాక్టర్ల ఇసుక ఎత్తాం.

ఈ దశ తర్వాతే కొత్త పంపు ఎంత కావాలో తేల్చాం: 20 మీటర్ల హెడ్‌కి 45 లీటర్లు, 15 కిలోవాట్లు, మూడు. అంటే మళ్లీ 20 హెచ్‌పీయే. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోలేదు.

నడుస్తున్న లెక్క: వంతెన పని 6.88 లక్షలు, పిగ్‌లు, సక్షన్ మిషను 0.76. ఖర్చు 9.38 లక్షలు. రోడ్డెక్కిన సార్లు: 1.

దశ 4: సంప్ ఖాళీ చేయడం (మే)

డ్రై వెల్‌లో మోటార్లు ప్రతి వానాకాలం మునుగుతాయి. అందుకే కొత్తవి సబ్‌మెర్సిబుల్ రకం, సంప్‌లోనే కూర్చుంటాయి. అవి కూర్చునే డక్‌ఫుట్ బెండ్లు బిగించడానికి సంప్ ఖాళీ కావాలి. ఇక్కడ డెల్టాలో ఒక లెక్క చేయకుండా ఎవరూ సంప్ ఖాళీ చేయొద్దు.

మా సంప్ బయటి వ్యాసం 6.9 మీటర్లు, అడుగు శ్లాబు కింది మట్టం నేలకి 8.1 మీటర్ల లోతు. గోడ, అడుగు, పైకప్పు కలిపి బరువు దాదాపు 246 టన్నులు. భూగర్భజలం నేలకి 1.5 మీటర్ల లోతులో ఉంటే పైకి తోసే బలం 247 టన్నులు. అంటే వానాకాలంలో సంప్ ఖాళీ చేస్తే పడవలా తేలడానికి సిద్ధంగా ఉంటుంది, చుట్టూ మట్టి పట్టుకుంటే తప్ప. కాలువలు కట్టేసి నెల దాటాక, మే మూడో వారంలో పక్క బోరులో చూస్తే నీళ్లు 2.8 మీటర్ల లోతులో ఉన్నాయి. తోసే బలం 198కి తగ్గింది. ఇందాక చెప్పిన రెండో కారణం ఇదే.

పై మ్యాన్‌హోలులో గాలి బెలూను పెట్టి లైను మూసి, రెండు 6 అంగుళాల డీజిల్ పంపులతో మురుగుని రైజింగ్ మెయిన్‌లోకి దాటించాం. పన్నెండు రోజులు. ఇందులో మూడుసార్లు రోడ్డెక్కింది:

1. మొదటి రోజు పొద్దున్నే. పంపులు రెండూ కలిపి 48, వచ్చేది 58. మర్నాటి నుంచి మూడో పంపు కూడా ఆడించాం.
2. రెండో రాత్రి సక్షన్ జాలీకి క్యారీబ్యాగులు చుట్టుకున్నాయి. జాలీని ఇనప బుట్టలో పెట్టి, గంటకోసారి ఎత్తి చూడమని మనిషిని పెట్టాం.
3. ఏడో రోజు బెలూను జారింది. పగటి ఎండకి గాలి పెరిగి, రాత్రికి తగ్గింది. పీడనం ఎవరూ చూడలేదు. అప్పుడు సంప్‌లో మనుషులు లేరు, టీకి పైకొచ్చారు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. ఆ తర్వాత బెలూనుకి వెనకాల ఇనప అడ్డు, తాడు, దగ్గర గేజీ చూసే మనిషి. మూడూ లేకుండా ఎవరూ దిగలేదు.

గ్యాస్ సంగతి. మూత తీసి 5 మీటర్ల లోతుకి మీటరు దింపితే హైడ్రోజన్ సల్ఫైడ్ 46 పీపీఎం. బ్లోయరు 40 నిమిషాలు ఆడిస్తే 3కి వచ్చింది. బాగుందనుకుని, దిగేముందు పైనుంచే కర్రతో అడుగు బురద కలిపి చూశాం. రెండు నిమిషాల్లో 120. 100 దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, "వాసన లేదు కదా" అనుకునేవాడే పడిపోతాడు. అందుకే బురద మొత్తం సక్షన్ మిషనుతో లాగి, జెట్టింగ్‌తో కడిగాక మాత్రమే మనిషి. అదీ ట్రైపాడ్, హార్నెస్, ఆగని బ్లోయరు, పైన ఇద్దరు, చేతిలో మీటరు. మీటరు 58 వేలా అని ముఖం చిట్లించినాయనకి ఒక్కటే చెప్పాను: సీవర్‌లో మనిషి చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. రక్షణ లేకుండా మనిషిని సీవర్‌లోకి దింపకూడదనే చట్టం 2013 నుంచే ఉంది. ఆయన అంకెల మనిషి, అంకెలే అర్థమయ్యాయి.

లోపల పైకప్పు చూస్తే స్క్రూడ్రైవరు 22 మి.మీ. దిగింది. నీళ్లలో ఉన్న గోడ గట్టిగానే ఉంది, నీళ్లకి పైన ఉన్నదే పిండి అయింది. గ్యాసు తడి గోడ మీద చేరితే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తుంది. పీహెచ్ కాగితం అంటిస్తే 2. మెత్తదంతా చెక్కేసి, సల్ఫేటుని తట్టుకునే సిమెంటుతో మోర్టారు, పైన ఎపాక్సీ. మొదటి కోటు నాలుగో రోజుకి పొరలుగా ఊడింది. గోడ తడి ఆరలేదు. ఆ తర్వాత ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలి, పొద్దున లోపల చెమట పట్టిందా అని చూశాం. పట్టింది. తడి గోడకి పట్టే రకం ఎపాక్సీ తెప్పించాం.

డక్‌ఫుట్ బిగింపులో రెండు తప్పులు. ఒకటి, ఎస్టిమేట్‌లో గైడు పైపులు (వీటి వెంటే పంపు పైకీ కిందికీ జారుతుంది) జీఐ (జింకు పూత ఇనుము) అని ఉంటే అవే వేశాం. ఈ గ్యాసులో జీఐ ఎన్నాళ్లుంటుందో పాత నిచ్చెన మెట్లు చూస్తే తెలిసేది, చేత్తో విరుగుతున్నాయి. తీసి స్టెయిన్‌లెస్ వేశాం, గొలుసు కూడా. రెండు, ఒక డక్‌ఫుట్ 3 మి.మీ. వాలింది. పంపు దింపితే పంజా సరిగ్గా కూర్చోక ఫ్లేంజి సందులోంచి నీళ్లు చిమ్మి సంప్‌లోనే తిరుగుతున్నాయి. పైకి చూస్తే పంపు బాగానే ఆడుతున్నట్టుంటుంది. సంప్ కొలత మళ్లీ చేస్తేనే దొరికింది: మిగతావి 56, ఇది 43. నాన్-ష్రింక్ గ్రౌటు మళ్లీ పోసి రసమట్టంతో రెండు దిక్కులా చూసి బిగించాం.

నడుస్తున్న లెక్క: పంపులు 20.70, ప్యానెల్ 8.60, స్టెయిన్‌లెస్ మార్పు 1.12, సంప్ పూత 3.40, డీజిల్ పంపుల అద్దె 2.21 లక్షలు. ఖర్చు 45.41 లక్షలు. రోడ్డెక్కిన సార్లు: 4.

దశ 5: ఆడించడం, మళ్లీ విప్పడం (జూన్, జూలై)

తిరిగే దిక్కు. సబ్‌మెర్సిబుల్ పంపు నీళ్లలో ఎటు తిరుగుతోందో కనపడదు. గొలుసుకి వేలాడదీసి ఒక్క క్షణం స్టార్టు ఇవ్వాలి. ఇంపెల్లరు పైనుంచి చూస్తే గడియారం దిక్కున తిరగాల్సినదైతే, పంపు ఒళ్లు దానికి ఎదురు దిక్కున ఝాడించాలి. మేం రెండింటికి చూశాం, మూడోదానికి భోజనాల వేళ అయిందని వదిలేశాం. అదే తిరగబడింది. 31 లీటర్లు తోస్తూ రెండు రోజులు ఆడింది.

ఫ్లోట్లు. స్టార్టుకి, స్టాపుకి మధ్య 15 సెం.మీ. పెట్టారు. అంటే 4.24 ఘనపు మీటర్లు. పంపు సామర్థ్యంలో సగం ఇన్‌ఫ్లో ఉన్నప్పుడు స్టార్టులు అన్నిటికన్నా ఎక్కువ పడతాయి. మా పంపు 56, సగం 28, మా రోజు సగటు 29. ఖర్మ కాకపోతే సరిగ్గా అక్కడే ఉన్నాం. గంటకి 12 స్టార్టులు. రెండో రోజే సాఫ్ట్ స్టార్టరు వేడికి ట్రిప్పయింది. మధ్య దూరం 40 సెం.మీ. చేసి, మూడు పంపులూ వంతులవారీగా మొదలయ్యేలా ప్యానెల్ మార్చాం. ఇప్పుడు మొత్తం గంటకి నాలుగైదు, ఒక్కో పంపుకి ఒకటీ అరా. ఫ్లోటు తీగలు కొవ్వుతో అట్టకట్టి ఒకదానికొకటి చుట్టుకోవడంతో అల్ట్రాసోనిక్ లెవెల్ పెట్టాం. అది నురగ చూసి నీళ్లనుకుంది. లైను పడే చోటికి దూరంగా జరిపాం. అన్నిటికన్నా పైన ఒక ఫ్లోటు అలాగే ఉంచాం, అల్ట్రాసోనిక్ మోసం చేసినా అది పంపు ఆన్ చేస్తుంది.

దెబ్బ. జూన్ చివర్లో ఒక రాత్రి రెండు పంపులు ఆడుతుండగా కరెంటు పోయింది. పక్క వీధివాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నారు. పాత పైపులో వేగం లేదు కాబట్టి వాటర్ హ్యామర్ (పోతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగితే పైపుకి తగిలే దెబ్బ) కూడా లేదు. ఇప్పుడు 87 లీటర్లు, సెకనుకు 1.23 మీటర్లు. సీఐ పైపులో పీడన తరంగం సుమారు 1,200 మీటర్ల వేగంతో పోతుంది. ఆ చివరికి వెళ్లి తిరిగి రావడానికి 1.9 సెకన్లు. ఆలోపు నీళ్లు పూర్తిగా ఆగితే లెక్క ప్రకారం 150 మీటర్ల హెడ్ దెబ్బ. అంతా రాదు, కానీ గరిష్ఠం దగ్గర ఆగిపోయే ముల్లున్న గేజీ 9.6 కేజీలు చూపించింది. పాత సీఐ భాగంలో ఒక సీసం జాయింటు కారడం మొదలైంది.

"సాఫ్ట్ స్టార్టరు ఉంది కదా, మెల్లగా ఆపుతుంది కదా" అని అందరూ అన్నారు. కరెంటు ఉన్నప్పుడు ఆపుతుంది. లేనప్పుడు అదీ ఆగిపోతుంది. దెబ్బ కొట్టింది పంపులతో వచ్చిన స్వింగ్ రకం ఎన్‌ఆర్‌వీలు. తలుపు ఎక్కువ దూరం తెరుచుకుని, నీళ్లు వెనక్కి మళ్లాక మూసుకుంటోంది. తక్కువ దూరం కదిలే రబ్బరు ఫ్లాపు రకం వేశాం. వంతెన మీద ఎయిర్ వాల్వుకి మెల్లగా మూసుకునే అటాచ్‌మెంటు పెట్టాం. కావాలనే మెయిన్ స్విచ్ తీసి చూస్తే 3.8. జాయింటు మళ్లీ కొట్టాం.

గుడ్డలు. 80 మి.మీ. గట్టి వస్తువు దాటే ఇంపెల్లరే. కానీ గుడ్డ పీలికలు, వెంట్రుకలు, ప్యాడ్లు కలిసి జడలా పేనుకుంటాయి. జూలై రెండో వారంలో ఒకే రోజు రెండు పంపులు పట్టేశాయి, కాలనీ ఐదోసారి పొంగింది. ఇన్‌లెట్ దగ్గర 25 మి.మీ. సందుల స్క్రీను, రోజుకి రెండుసార్లు రేక్‌తో (పళ్ల గొర్రుతో) గీసి బుట్టలోకి. ఆంపియర్లు చూస్తుంటే ముందే తెలుస్తుంది: శుభ్రంగా ఉంటే 22, జడ పడితే 25, 26.

ఇప్పటి కొలతలు, ఒక పంపుతో:

- ప్రవాహం: 56 లీటర్లు (పాతది 20)
- గేజీ: 0.65. పైపులో పోయేది 4.3 మీటర్లు, సి విలువ 100కి కాస్త తక్కువ
- వేగం: 0.79 మీటర్లు
- కరెంటు: 13.7 కిలోవాట్లు. వెయ్యి లీటర్లకి 0.068 యూనిట్లు. పాతది 11.2 కిలోవాట్లే తీసుకునేది, కానీ వెయ్యి లీటర్లకి 0.156

నడుస్తున్న లెక్క: ఎన్‌ఆర్‌వీలు 2.22, స్క్రీను 1.65, లెవెల్ 0.46 లక్షలు. ఖర్చు 49.74 లక్షలు. రోడ్డెక్కిన సార్లు: 5.

ఆగస్టు 9

రాత్రంతా వాన. పొద్దున 6కి రెండు పంపులూ ఆడుతున్నాయి, గేజీ 1.18. అయినా సంప్ 10 సెం.మీ. పెరగడానికి 54 సెకన్లే. అంటే తోసేదానికి పైన ఇంకో 52. మొత్తం లోపలికి దాదాపు 140 లీటర్లు వస్తున్నాయి. మురుగు అంత ఉండదు, ఇది డాబాల మీద వాననీళ్లు. మూడో పంపు కూడా వేస్తే ఈ పైపులో పది లీటర్లు పెరుగుతాయేమో, అంతకు మించి పెరగవు.

బాబాయ్ గొడుగు వేసుకుని వంతెన దాకా వెళ్లొచ్చాడు. పైపు చప్పుడు లేదట.

వాన తగ్గాక లైనులోకి పొగ ఊది, ఎవరి డాబా గొట్టంలోంచి వస్తుందో చూడాలి. పొగ మిషను పక్క మున్సిపాలిటీలో ఉంది, సోమవారం ఇస్తామన్నారు. ముందురోజే వీధిలో చెప్పించాలి, లేకపోతే ఫైరింజను వస్తుంది.